ఐప్యాడ్ మీద ఇంట్లో పాట, వీణ రికార్డింగు: ఏది కొనాలి, ఏది ఆపాలి

అమ్మా, మీరు రాసినవన్నీ ముందు ఒకచోట పెట్టుకుంటాను, చదివే మిగతావాళ్లకూ వీలుగా ఉంటుంది. వేళచ్చేరిలో మూడో అంతస్తు ఫ్లాటు. మీరు ఐదున్నర శ్రుతిలో పాడతారు, మీ అత్తగారు మూడు శ్రుతిలో వీణ వాయిస్తారు. ఇద్దరివీ విడివిడిగా రికార్డు చేయాలి. ఉన్నది తొమ్మిదో తరం ఐప్యాడ్, అందులో గరాజ్‌బ్యాండ్ అనే ఆపిల్ వాళ్ల రికార్డింగు యాప్. చేతిలో 30 వేలు. పాడ్‌కాస్టు వీడియోల్లో అందరి మూతి ముందూ కనిపించే ష్యూర్ ఎస్‌ఎమ్ 7బీ కొనేస్తే ఇక మళ్లీ చూసుకోనక్కర్లేదు కదా అని అడిగారు.

కొనకండి. మైకు చెడ్డదని కాదు. అది మూతికి బెత్తెడు దూరంలో పెట్టుకుని మాట్లాడేవాళ్లకు బ్రహ్మాండంగా కుదిరే డైనమిక్ మైకు. దాన్నుంచి వచ్చే సిగ్నల్ మరీ సన్నం. వెనకాల ఆ సిగ్నల్‌ను శుభ్రంగా 60 డెసిబెళ్లు పెంచగల ప్రీఆంప్ ఉంటే తప్ప సరిగ్గా పలకదు (ఆ పెంపునే గెయిన్ అంటాం). మీ బడ్జెట్టంతా అదొక్కటే మింగేస్తుంది, దాన్ని ఐప్యాడ్‌కు తగిలించే ఇంటర్‌ఫేసుకు (మైకుకూ ఐప్యాడ్‌కూ మధ్య ఉండే పెట్టె, ప్రీఆంప్ అందులోనే) పైసా మిగలదు. పోనీ ఎలాగో తగిలించారే అనుకుందాం. మీ గొంతుకు పనికొస్తుంది, అత్తగారి వీణకు రాదు.

ఇంట్లో రికార్డింగు పెట్టుకుంటామని వచ్చేవాళ్లందరికీ నేను ఒకే మాట చెబుతాను. ఇంట్లో అన్నిటికన్నా మెల్లగా పలికేది ఏదో చూడండి, మైకును ఎంచవలసింది అది. మీ ఇంట్లో అది వీణ. గొంతు ఎదురుగా ఏ మైకు పెట్టినా ఏదో ఒక లెవెల్ వస్తుంది. వీణ అలా కాదు. మీటు పడిన క్షణం కాస్త గట్టిగా ఉన్నా, ఆ తర్వాత ఒకే మీటు మీద తీగ లాగుతూ మూడు నాలుగు స్వరాలు సాగదీస్తారే, ఆ తోక చాలా సన్నగా ఉంటుంది. వీణ అందమంతా ఆ తోకలోనే. గెయిన్ పెంచితే దానితో పాటు ప్రీఆంప్ సుయ్‌మనే చప్పుడూ పైకొస్తుంది. లెక్కలో చెప్పాలంటే, ఒకే మోత ఎదురుగా పెట్టినప్పుడు ఎస్‌ఎమ్ 58 లాంటి డైనమిక్ మైకు సుమారు 1.85 మిల్లీవోల్టులు ఇస్తే, ఆడియో-టెక్నికా ఏటీ 2020 లాంటి కండెన్సర్ (కరెంటు ఇస్తే పనిచేసే, సన్నని చప్పుడునూ పట్టే రకం) సుమారు 14 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఏడు రెట్లకు పైనే. కాబట్టి మీకు కండెన్సర్.

కండెన్సర్‌తో చిక్కేమిటంటే అది వీణనే కాదు, ఇల్లంతా వింటుంది. నేను వడపళనిలో ఒక రికార్డింగు థియేటర్లో పాతికేళ్లు పనిచేసినవాణ్ణి. మానేశాక వెస్ట్ మాంబళం ఇంట్లో మొదటిసారి పెద్ద కండెన్సర్ పెట్టుకున్నప్పుడు ఆ అనుభవమే నన్ను బోల్తా కొట్టించింది. థియేటర్లో గోడలు నా తరఫున ఉండేవి, ఇక్కడ ఎవరూ నా తరఫున లేరు. మా చెల్లెలి వీణ, కల్యాణిలో తానం, రాత్రి పదకొండు. ఫ్యాన్లు ఆపి, ఫ్రిజ్ ఆపి, చెమటలు కక్కుతూ ఏడు నిమిషాలు బ్రహ్మాండంగా నడిచిన టేకు. సరిగ్గా ముగింపులో ట్యూబులైటు వెనక నుంచి బల్లి టిక్ టిక్ టిక్ మంది. అవతలి గదిలో మా అమ్మ మంచం పట్టె మీద వేలితో తట్టి ‘సత్యం, సత్యం’ అంది. రికార్డులో బల్లి టిక్కూ పడింది, అమ్మ సత్యమూ పడింది. ఆ టేకు ఇప్పటికీ దాచుకున్నాను, అమ్మ గొంతు కోసం. రికార్డింగుగా మాత్రం పనికిరాదు.

అందుకే కొనడానికి బయల్దేరకముందే ఈ రాత్రి ఒక పని చేయండి. ఖర్చు లేదు. పది గంటల తర్వాత ఐప్యాడ్‌ని దాని సొంత మైకుతోనే వాయిస్ మెమోస్‌లో పెట్టి హాల్లో ఒక నిమిషం, పడకగదిలో ఒక నిమిషం, పిల్లల గదిలో ఒక నిమిషం ఊరికే నిశ్శబ్దం రికార్డు చేయండి. ఫ్యాన్లు, ఏసీ ఆపాలి. తర్వాత ప్రతి గదిలోనూ నడిమధ్య నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని వరసగా వినండి. పాలరాయి నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో చప్పట్ల వెనకాల రేకు డబ్బా మోగినట్టు టింగ్‌మని ఒక తోక వినిపిస్తుంది. పరుపు, దిండ్లు, బట్టల బీరువా ఉన్న గదిలో చప్పట్లు పొడిగా ఆగిపోతాయి. ఆ గదే మీ స్టూడియో. పాడేటప్పుడు బీరువా తలుపులు బార్లా తెరిచి, చీరల మడతల వైపు వీపు పెట్టి కూర్చోండి. మైకు మీవైపు చూస్తుంది కదా, దానికి మీ వెనకున్న గోడే ఎక్కువ వినపడుతుంది. ఆ గోడ మెత్తగా ఉండాలి. పాత బొంత ఒకటి మైకు వెనకాల కుర్చీల మీద ఆరేస్తే ఇంకా మంచిది. మా ఇంట్లో రెండు బొంతలు, ఒక బట్టల స్టాండు, ఇదే ఇరవై ఏళ్లుగా నా ‘ట్రీట్‌మెంట్’.

ఇక్కడ చాలామంది రెండు సంగతులు కలిపేస్తారు. బొంత, పరుపు చేసేది గదిలోని ప్రతిధ్వనిని పీల్చుకోవడం. బయటి ఆటో హారన్‌ను ఆపడానికి బరువు కావాలి. గోడ మందం, గట్టి తలుపు, సందు లేని కిటికీ. నురుగు పలకలు అంటిస్తే ఆటో ఆగదు. కోడిగుడ్ల అట్టలు అంటిస్తే ప్రతిధ్వనీ ఆగదు, ఆటోనూ ఆగదు, బొద్దింకలు మాత్రం వస్తాయి. బయటి చప్పుడుకు మనలాంటివాళ్లకు ఉన్న ఒకే మందు వేళ చూసుకోవడం. మీ దగ్గర ఎంఆర్‌టీఎస్ రైలు, వాటర్ ట్యాంకర్లు, పైఫ్లాటు మిక్సీ ఎప్పుడెప్పుడో మీకే తెలుసు. మాకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రాత్రి పది తర్వాత. ఐప్పసి, కార్తిక మాసాల (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానల్లో సన్‌షేడ్ మీద చినుకులు పడుతుంటే మాత్రం ఆ పూటకు సెలవే. ఫ్యాన్ లేకుండా చెన్నైలో పావుగంట కన్నా ఎక్కువ పాడటం మనిషికి సాధ్యం కాదు. పావుగంట టేకు, పది నిమిషాలు ఫ్యాను. ఇదే లయ పెట్టుకోండి.

ఇప్పుడు ఐప్యాడ్ దగ్గరికి వద్దాం. మైకు గురించి ఎవరైనా చెబుతారు. ట్యాబ్లెట్ మీద రికార్డింగులో అసలు తలనొప్పి మైకు కాదు, కరెంటు. ఎవరూ ముందు చెప్పని సంగతి ఇదే. మీ ఐప్యాడ్‌కు ఉన్నది ఒకే ఒక్క లైట్నింగ్ రంధ్రం. చార్జింగూ దాన్లోనే, ఇంటర్‌ఫేసూ దాన్లోనే. కంప్యూటరైతే ఇంటర్‌ఫేసుకు కావలసిన కరెంటు తనే ఇస్తుంది, అక్కడి నుంచి మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్‌కు మైకు తీగలోనే అందే కరెంటు) పోతుంది. లైట్నింగ్ ఐప్యాడ్ అంత ఇవ్వదు. తగిలించగానే తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది, ఈ పరికరానికి కరెంటు ఎక్కువ కావాలి, వాడలేను అని. మైకు పాడైందనుకుని దుకాణానికి తిరిగి తీసుకెళ్లినవాళ్లు నాకు తెలుసు.

దీనికి దారి ఇది. ఆపిల్ వాళ్ల ‘లైట్నింగ్ టు యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్’ అసలుదే కొనండి. పేరులో కెమెరా ఉన్నా మనకు కావలసింది అదే. దానికి రెండు నోళ్లుంటాయి, ఒకటి యూఎస్‌బీకి, రెండోది చార్జింగుకు. నకిలీవి సగం ధరకే దొరుకుతాయి, ఐప్యాడ్ కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్న మర్నాడు పనిచేయడం మానేస్తాయి. ఇంటర్‌ఫేసు విషయంలో, ఎవరిని అడిగినా ఫోకస్‌రైట్ స్కార్లెట్ అంటారు. మంచిదే, నా దగ్గరా ఉంది. యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్న ఐప్యాడ్ అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి. మీ లైట్నింగ్ ఐప్యాడ్‌కు మాత్రం స్టైన్‌బర్గ్ యూఆర్ 22సీ వైపు మొగ్గుతాను. కారణం ఒక్కటే. దాని వెనకాల కరెంటు కోసం వేరే 5 వోల్టుల మైక్రో యూఎస్‌బీ రంధ్రం ఉంది, పక్కన చిన్న స్విచ్చి కూడా. స్విచ్చి అటు తిప్పి అక్కడ ఫోను పవర్ బ్యాంకు తగిలిస్తే ఇక ఐప్యాడ్‌ని కరెంటు అడగదు.

పవర్ బ్యాంకు అని ఊరికే అనలేదు. గోడ చార్జర్ పెడితే కొన్ని ఇళ్లలో గుర్‌మని హమ్ము వస్తుంది. మైకు ఒంటిని చేత్తో తాకితే తగ్గడమో పెరగడమో జరిగితే అది ఎర్తింగు గొడవే. పాత అపార్టుమెంట్లలో మూడో పిన్ను రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. ఐప్యాడ్ నిండా చార్జ్ చేసుకుని బ్యాటరీ మీద, ఇంటర్‌ఫేసు పవర్ బ్యాంకు మీద నడిపితే ఆ గొడవ మొత్తం గుమ్మం బయటే ఉండిపోతుంది. కరెంటు పోయినా టేకు ఆగదు, అది కొసరు.

యూఎస్‌బీ మైకు కొంటే ఇంటర్‌ఫేసు ఖర్చు తప్పుతుంది కదా అని మీ వారు అన్నట్టు రాశారు. తప్పుతుంది. ఒక్కరే పాడి, ఎప్పటికీ ఒక్కరే పాడేటట్టయితే అదే తీసుకోమంటాను. రేపు మీ అత్తగారితో మృదంగం వాయించడానికి ఎవరైనా వచ్చారనుకోండి, రెండు యూఎస్‌బీ మైకులు కలిపి ఐప్యాడ్‌లో వాడలేరు. గరాజ్‌బ్యాండ్ ఒకేసారి ఒక్క ఆడియో పరికరాన్నే పట్టించుకుంటుంది. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేసు ఉంటే రెండో మైకు రేపైనా కొనుక్కోవచ్చు. ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉన్నవాళ్లకు ఒక మాట: అక్కడ పాడింది చెవికి చేరే ఆలస్యం మోడలుకో రకంగా ఉంటుంది, మీ ట్యాబుతో ఆ ఇంటర్‌ఫేసును తగిలించి చూసుకోకుండా కొనొద్దు. గరాజ్‌బ్యాండ్ లాంటి రికార్డింగు యాప్ క్యూబసిస్ 3 ఆండ్రాయిడ్‌లోనూ దొరుకుతుంది.

మైకు ఏటీ 2020 చాలు. ఇంతకన్నా నిశ్శబ్దమైనవి ఉన్నాయి. రోడ్ ఎన్‌టీ1 సొంత రొద 4.5 డెసిబెళ్లే, ఏటీ 2020ది 20. అయితే మీ ఫ్లాటులో రాత్రి పదకొండుకు కూడా గది రొద ఈ రెండిటికన్నా ఎక్కువే ఉంటుంది. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, గది కొద్దీ మైకు. తర్వాత ఎప్పుడైనా రెండో మైకు కొంటే అప్పుడు ఎస్‌ఎమ్ 58 కొనండి. పగటిపూట, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు, మీ గొంతుకు అదే ఆదుకుంటుంది. ఒక జాగ్రత్త: ఎస్‌ఎమ్ 58కి నకిలీలు విపరీతం. నేనూ ఒకసారి ఒక దుకాణంలో, ఎంత ఏళ్ల అనుభవం ఉంటే ఏం లాభం, డబ్బా చూసి మోసపోయాను. ఇంటికొచ్చి పాతదీ కొత్తదీ రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా తెలిసింది. అసలుది 298 గ్రాములు. వంటింటి త్రాసు మీద పెట్టి చూశాను, కొత్తది చాలా తేలిక.

హెడ్‌ఫోన్ మీద పిసినారితనం వద్దు. చెవిని పూర్తిగా మూసేది కావాలి. ఆడియో-టెక్నికా ఎమ్20ఎక్స్ మీ బడ్జెట్‌లో సరిపోతుంది. సోనీ ఎమ్‌డీఆర్ 7506 అయితే ఇంకా మేలు. బ్లూటూత్ మాత్రం వద్దే వద్దు. ఎందుకో తాళంలో చెబుతాను. నిమిషానికి 60 అక్షరాల నడకలో, అక్షరానికి నాలుగు స్వరాలు పాడితే ఒక్కో స్వరానికి 250 మిల్లీసెకన్లు. బ్లూటూత్‌లో 150, 200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలు. అంటే మీరు ‘గ’ పాడుతుంటే చెవిలో ఇంకా ‘రి’ వినబడుతుంది. ఎంత గట్టి తాళజ్ఞానమైనా తడబడుతుంది. తీగ హెడ్‌ఫోన్‌ని ఐప్యాడ్‌కు కాదు, ఇంటర్‌ఫేసుకు తగిలించండి. అక్కడ లావు పిన్ను కావాలి, హెడ్‌ఫోన్ డబ్బాలో మరతో బిగించే పిన్ను ఉందో లేదో చూసుకోండి.

ఇప్పుడు ఎవరి కొనుగోళ్ల జాబితాలోనూ కనిపించనిది: పొట్టి స్టాండు. యూట్యూబ్‌లో చూపించేవన్నీ నిలబడి పాడేవాళ్లవి, కుర్చీలో కూర్చునేవాళ్లవి. మనం నేల మీద చాప వేసుకుని కూర్చుంటాం. మామూలు స్టాండును ఎంత దించినా మైకు మీ నుదుటి ఎత్తులో ఉండిపోతుంది. డ్రమ్ముల వాళ్లు వాడే పొట్టి స్టాండు, ముందుకు సాగే చెయ్యి ఉన్నది అడగండి. కిందికి వీణ గుర్రం (తీగలు ఆనుకునే వంతెన) దాకా వంగుతుంది, పైకి కూర్చున్న మనిషి నోటిదాకా లేస్తుంది. స్టాండు కాళ్ల కింద మడిచిన తువ్వాలు పెట్టండి, నేల మీది అడుగుల చప్పుడు ఎక్కకుండా.

రికార్డింగుకు కూర్చునేముందు గాజులు తీసేయండి. నల్లపూసలు, గొలుసులు కొంగు లోపలికి తోసుకోండి. పట్టుచీర వద్దు, నూలు చీరే. నవ్వకండి, ఇది నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పే విషయం. తొడ మీద వేసే తాళం మైకులో ఎంత బాగా పడుతుందో మీరు ఊహించలేరు. అది పాటకు ముందే వచ్చి నిలబడుతుంది. ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద వేయండి, లేదా వేళ్లతోనే లెక్కపెట్టుకోండి.

మైకు పెట్టడం. ఏటీ 2020 పక్క నుంచి వినే మైకు. కొత్తవాళ్లు చాలామంది దాని తలకాయలోకి పాడతారు, ఐస్‌క్రీమ్ పట్టుకున్నట్టు. కంపెనీ గుర్తు ఉన్న ముఖం మీవైపు ఉండాలి. నోటికి జాన దూరం, ఎత్తు మీ ముక్కుకు సమానంగా, మైకు కొంచెం కిందికి నోటివైపు చూస్తూ. అప్పుడు ప, ఫ, బ, భ పలికినప్పుడు వచ్చే గాలి మైకు కిందుగా పోతుంది. పాప్ ఫిల్టర్ (నోటికీ మైకుకూ మధ్య పెట్టే జల్లెడ) ఉంటే ఇంకా నిశ్చింత. జాన దూరం నుంచి మూర దూరానికి జరిగితే మీ గొంతు 6 డెసిబెళ్లు తగ్గుతుంది, గది చప్పుడు మాత్రం తగ్గదు. అందుకే మీరు వెనక్కి జరిగినకొద్దీ గది ముందుకొస్తుంది. మరీ మూతికి ఆనిస్తే కింది స్వరాలు ఉబ్బుతాయి, గొంతు దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. తారస్థాయికి వెళ్లేటప్పుడు తల కొంచెం పక్కకు తిప్పడం సభల్లో అలవాటయ్యే ఉంటుంది, ఇక్కడా అదే.

వీణకు నేను ఎంచే చోటు: గుర్రానికి, చివరి మెట్టుకు మధ్యలో, కుడి చేతి మీటుకు ఎదురుగా కాకుండా ఒక పక్కగా, పైనుంచి మూర కన్నా కాస్త తక్కువ ఎత్తులో, కిందికి చూస్తూ. మరీ గుర్రం మీదికి తెస్తే ఇత్తడి రేకు మీద తీగ చేసే ఝుమ్ము ఎక్కువై చెవి కోస్తుంది. మెట్ల వైపు జరిపితే ఎడమ చేతి వేళ్లు తీగ మీద రాపాడే కీచుమనే చప్పుడు ముందుకొస్తుంది. ఈ రెండిటి మధ్య రెండంగుళాల తేడాలో వీణ మారిపోతుంది. అత్తగారు ఒకే పల్లవిని ఐదుసార్లు వాయిస్తే మీరు ప్రతిసారీ రెండంగుళాలు జరిపి, ఏది ఎక్కడో నోటితో మైకులో చెప్పి, ఐదూ విని ఎంచుకోండి. ఎంచుకున్నాక నేల మీద స్టాండు కాళ్ల చోట, వీణ కుండ చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. పక్క తీగల తాళం మోత ఎక్కువ అనిపిస్తే మైకును వాటి వైపు నుంచి అవతలికి తిప్పండి, ఎడిటింగులో తీయడం కుదరదు. పికప్ (వీణకే అతికించే చిన్న మైకు) ఉన్న వీణ అయినా సరే ఇంట్లో దాన్ని వాడకండి. సభలో ఫీడ్‌బ్యాక్ రాకుండా కాపాడటానికి అది పనికొస్తుంది, చెక్క గాలి మాత్రం దానిలో ఉండదు.

గెయిన్ ముందు పూర్తిగా తగ్గించి, తీగ తగిలించి, ఆ తర్వాతే 48 వోల్టుల స్విచ్చి వేయండి. మీ పాటలో అన్నిటికన్నా గట్టి చోటు పాడుతూ లెవెల్ మైనస్ 12 దగ్గర ఆగేలా గెయిన్ పెంచండి. ఎరుపు తాకకూడదు. గరాజ్‌బ్యాండ్ సెట్టింగుల్లో 24 బిట్ వేసుకుంటే లెవెల్ కొంచెం తక్కువైనా నష్టం లేదు. అప్పుడు ఒక్క ట్రాకుకు నిమిషానికి 8 ఎంబీ దాకా పడుతుంది, గంటకు అర జీబీ కన్నా తక్కువే.

గరాజ్‌బ్యాండ్‌లో మనవాళ్లందరూ పడే గుంట ఒకటుంది. అది పాటను 8 బార్ల ముక్కగా తీసుకుంటుంది. మొదటి టెంపో 110, నాలుగు దెబ్బల లెక్క. అంటే 17 సెకన్లు. మీరు కళ్లు మూసుకుని ఆలాపన ఎత్తుకుని షడ్జమం మీద నిలబడేసరికి దాని దృష్టిలో పాట అయిపోతుంది. కుడివైపు పైన ప్లస్ గుర్తు నొక్కి ఆ సెక్షన్ పొడుగును ఆటోమేటిక్‌గా మార్చండి, ఎంతసేపు పాడితే అంత సాగుతుంది. మెట్రోనోమ్ ఆపేయండి. దాని సొంత మానిటర్ (పాడుతున్నది యాప్ గుండా చెవికి వినిపించడం) ఆపి, ఇంటర్‌ఫేసు మీద ఉన్న మిక్స్ గుండీ తిప్పి మీ గొంతు నేరుగా వినండి, లేకపోతే మీ గొంతు చెవిలో రెండుసార్లు వినపడుతుంది. ఐప్యాడ్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోవద్దు.

తంబూర సంగతి. శ్రుతి పెట్టెను గదిలో మోగిస్తూ పాడితే అది మైకులో పడి మీ గొంతుతో అతుక్కుపోతుంది, తర్వాత విడదీయలేరు. బెంగళూరు ర్యాడెల్ వాళ్ల ఎలక్ట్రానిక్ తంబూర అయినా, ఫోనులో యాప్ అయినా, ముందు దాన్ని ఒక్కదాన్నే ఒక ట్రాకుగా పది నిమిషాలు రికార్డు చేసుకోండి. అదే హెడ్‌ఫోన్‌లో వింటూ పాడండి. ఒక చెవి తెరిచి పాడే అలవాటుంటే తెరిచిన చెవి డొప్పను దవడకు గట్టిగా ఆనించుకోండి, గాలిలోకి వదిలితే తంబూర అక్కడి నుంచి కారుతుంది. మీ ఐదున్నరకు ఒక ట్రాకు, అత్తగారి మూడుకు ఒకటి. ఒకసారి చేసిపెట్టుకుంటే ఏళ్లపాటు అవే.

మిక్సింగు గురించి ఎక్కువ చెప్పను, తక్కువ చేస్తేనే బాగుంటుంది కాబట్టి. మీ గొంతుకు 100 హెర్ట్జ్ కింద కోసేయండి. మీ ఆధార షడ్జమం సుమారు 208 హెర్ట్జ్, మంద్ర పంచమం దాకా దిగినా 156. ఆ కింద ఉన్నదంతా లిఫ్టు, లారీ, పక్కింటి మోటారు. వీణకు ఈ కోత వద్దు, అనుమంద్రం తీగ సన్నబడుతుంది. రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు మోగించేది) వేసి, ఉందనిపించగానే సగానికి తగ్గించండి.

కండెన్సర్‌కు మన సముద్రపు గాలి పడదు. పని అయ్యాక స్టాండు మీద వదిలేయకుండా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. తడి ఎక్కిన మైకు చిటపటమంటుంది, ఆవాలు వేగినట్టు. ఒకటి రెండు రోజులు డబ్బాలో ఆరితే చాలాసార్లు సర్దుకుంటుంది. రికార్డయినవి ఐప్యాడ్‌లోనే ఉంచి ధీమాగా ఉండకండి. మా శిష్యురాలు ఒకమ్మాయి స్థలం చాలక గరాజ్‌బ్యాండ్ తీసేసి మళ్లీ వేసుకుంది. ఐప్యాడ్‌లో మాత్రమే ఉన్న పాటలన్నీ యాప్‌తో పాటే పోయాయి, వాళ్ల తాతగారు చెప్పిన రెండు కృతులతో సహా.

30 వేలను నేనైతే ఇలా పంచుతాను. సగానికి కాస్త తక్కువ ఇంటర్‌ఫేసుకు, మూడో వంతు మైకుకు, మిగిలింది హెడ్‌ఫోన్, అడాప్టర్, పొట్టి స్టాండు, మైకును ఇంటర్‌ఫేసుకు కలిపే ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ తీగకు. ధరలు వారానికోలా ఉంటాయి కాబట్టి రెండు మూడు వేలు అటూ ఇటూ కావచ్చు. అది దాటిపోతే వాడిన ఇంటర్‌ఫేసు దొరుకుతుందేమో చూడండి, వాడిన మైకు మాత్రం వద్దు. తీగలు, పిన్నులు రిచ్చీ స్ట్రీట్‌లో, మైకు, స్టాండు మౌంట్ రోడ్డు మీది పెద్ద సంగీత దుకాణాల్లో చూడండి. మ్యూజీ మ్యూజికల్ 1842 నుంచి ఉన్న దుకాణం, మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. వెళ్లేటప్పుడు ఐప్యాడ్, అడాప్టర్, పవర్ బ్యాంకు, హెడ్‌ఫోన్ సంచిలో వేసుకుని వెళ్లండి. బల్ల మీదే అన్నీ తగిలించమనండి. 48 వోల్టుల దీపం వెలగాలి, తెర మీద ఆ కరెంటు హెచ్చరిక రాకూడదు. గరాజ్‌బ్యాండ్‌లో రెండు నిమిషాలు మీరు పాడింది మీకే వినబడ్డాక బిల్లు వేయించుకోండి.